సీ ద స్టార్స్ పరుగు

గుఱ్ఱపు పందెమనగానే మనకు పణం, జూదం స్ఫురిస్తాయి. ఆ మాట అటుంచి, ఒక అశ్వకిశోరం ఒక్క సంవత్సరంలో పొందిన పరిణతిని పరిశీలిద్దాం.

సీ ద స్టార్స్ 2006 ఏప్రిల్ 6న జన్మించింది. తల్లి అర్బన్ సీ 1993లో పారిస్‌లోని లాంగ్‌షాంప్ మైదానంలో 2400 మీటర్ల ఆర్క్ పందెం గెలిచిన గోడిగ. తండ్రి కేప్ క్రాస్ మైలు పరుగులలో మేటి. తల్లిది ఓర్పు, తండ్రిది వేగం. పిల్లకు ఏది సంక్రమించిందో తేలవలసి ఉంది. 2008 జూలైలో ఐర్లండులోని కర్రాలో తొలి పరుగులో దానికి నాల్గవ స్థానమే దక్కింది. ఆపై అది ఓటమి ఎరుగలేదు.

2009 మే 2న న్యూమార్కెట్‌లో మైలు దూరపు గినీస్ గెలిచింది. వేగం రుజువైంది. జూన్ 6న ఎప్సమ్ డెర్బీ మైలున్నర. అంత దూరం నిలువగలదా అన్న శంకతో పందెగాండ్రు ఫేమ్ అండ్ గ్లోరీ వైపే ఎక్కువగా మొగ్గారు. జాకీ మిక్ కినేన్ దానిని ముందువారి వెన్నంటి ఉంచి, చివరలో వదిలాడు. 1989లో నాష్వాన్ తరువాత ఒకే ఏట ఈ రెండూ గెలిచిన అశ్వం ఇదే.

తడిసిన నేల సరిపడదని శిక్షకుడు జాన్ ఆక్స్ ఐరిష్ డెర్బీకి దానిని దింపలేదు. గెలుపు మీద గెలుపు వస్తున్న వేళ ఆగడం సులభం కాదు. జూలైలో సాండౌన్, ఆగస్టులో యార్క్. యార్క్‌లో గెలిచింది ఒక్క గుఱ్ఱపు నిడివితోనే, కాని ఆ మైదానపు కాలపరిమాణ రికార్డు బద్దలైంది! పక్కన పరుగెత్తేవారిని మించడానికి ఎంత కావాలో అంతే అది వెచ్చించేది. అందుచేత దాని బలాన్ని గెలుపు అంతరాలతో కొలవలేము. సెప్టెంబరులో లెపర్డ్స్‌టౌన్‌లో ఫేమ్ అండ్ గ్లోరీ మరల ఎదురైంది. ఈసారి అంతరం రెండున్నర నిడివులు.

అక్టోబరు 4న, తల్లి గెలిచిన ఆర్క్. ఆరంభంలో పగ్గాలకు లొంగక లాగింది; తరువాత లోపలి కంచె పక్కన గుంపులో చిక్కుకుంది. ఏబదియేండ్ల కినేన్ తొందరపడలేదు. నలుడు ఎరిగిన అశ్వహృదయం ఇట్టిదే కాబోలు. చివరి రెండు ఫర్లాంగులలో సందు దొరికింది. అంతే, రెండు నిడివుల విజయం. గినీస్, డెర్బీ, ఆర్క్ మూడూ గెలిచిన మొదటి అశ్వం అదే.

ఆ తరువాత అది పందెంలో దిగలేదు. డిసెంబరులో కినేన్ కూడా జీను దిగాడు.