దమ్ము ముగిసింది... గేరు ఆయిలు చూశారా?

వరినాట్లు అయ్యాయంటే ట్రాక్టర్‌కు కాస్త తీరిక దొరికినట్టే. ఈ సమయంలో చాలామంది రైతులు బండిని కడిగి, ఇంజను ఆయిలు మార్చి పాకలో పెడతారు. వెనుక గేరుబాక్సు, డిఫరెన్షియల్‌లో ఉండే ఆయిలును మాత్రం పట్టించుకోరు. గేరు పడనప్పుడో, వెనుక నుంచి గరగరమని చప్పుడు వచ్చినప్పుడో మెకానిక్కు దగ్గరకు పరుగెత్తుతారు. అప్పటికే క్రౌను, పీనియను పళ్లు దెబ్బతిని ఉంటాయి. హౌసింగు విప్పించి కొత్తవి వేయించాలంటే అయ్యే ఖర్చు ఆయిలు ఖర్చుకు ఎన్నో రెట్లు. పైగా పని దొరికే రోజుల్లోనే బండి షెడ్డులో ఉంటుంది. అప్పు చేసి పాత ట్రాక్టర్ కొని, సొంత రెండెకరాలతో పాటు పక్కవాళ్ల పొలాలు దున్ని వాయిదాలు కట్టుకునే చిన్న రైతు ఈ దెబ్బకు తట్టుకోలేడు.

నీరే అసలు శత్రువు

దమ్ము చేసేటప్పుడు వెనుక ఇరుసు బురద నీటిలోనే తిరుగుతుంది. ఇరుసు దగ్గరి సీళ్లు అరిగినా, గాలి పోయే బ్రీదరు దెబ్బతిన్నా, ఆయిలు మూత వదులైనా నీరు లోపలికి చేరుతుంది. నీరు కలిసిన ఆయిలు పాలు పోసిన టీ రంగుకు మారుతుంది. అలాంటి ఆయిలు గేరు పళ్ల మధ్య పొరగా నిలవదు. ఇనుము ఇనుము రాసుకుని పళ్లు అరుగుతాయి, బేరింగులు తుప్పు పడతాయి. కాలువల కింద వరి వేసే డెల్టాలోనైనా, బోర్ల కింద వరి వేసే తెలంగాణ పల్లెల్లోనైనా దమ్ము చేసిన ప్రతి ట్రాక్టర్‌కూ ఈ ముప్పు ఉంది.

నీరు చేరిందో లేదో తెలుసుకోవడం సులువే. బండిని రాత్రంతా కదపకుండా ఉంచాలి. తెల్లవారి స్టార్టు చేయకముందే అడుగున ఉన్న డ్రెయిన్ బోల్టును కొద్దిగా వదులు చేయాలి. నీరు ఆయిలుకన్నా బరువు కాబట్టి, అడుగుకు దిగిన నీరు ముందుగా కారుతుంది. గేజి కడ్డీకి తెల్లటి నురగ అంటుకున్నా అనుమానించాల్సిందే.

ఎప్పుడు, ఏ ఆయిలు?

చాలా ట్రాక్టర్లకు వెయ్యి గంటలకు లేదా ఏడాదికి ఒకసారి అంటుంటారు. మోడలును బట్టి ఇది మారుతుంది. బండితో ఇచ్చిన పుస్తకంలో రాసిందే ప్రమాణం. నీరు కలిసిందని తేలితే మాత్రం గంటలు లెక్కపెట్టకుండా వెంటనే మార్చాలి. పాత బండి కొన్నవారు, అమ్మినవారి మాట ఎలా ఉన్నా, ముందు ఆయిలు మార్చుకుని ఆ రోజు నుంచి లెక్క మొదలుపెట్టడం మేలు. వారంటీలో ఉన్న కొత్త బండిని కంపెనీ సర్వీసులోనే చేయించాలి.

చాలా మోడళ్లలో గేరుబాక్సు, డిఫరెన్షియల్, హైడ్రాలిక్ లిఫ్టు మూడింటికీ ఒకటే ఆయిలు. కొన్నింటిలో వేరువేరు. ఆయిలులో మునిగి పనిచేసే బ్రేకులున్న బండికి దానికి చెప్పిన ఆయిలే పోయాలి. మామూలు గేరు ఆయిలు పోస్తే బ్రేకులు శబ్దం చేస్తాయి, సరిగా పట్టవు. చౌకగా వస్తుందని విడి ఆయిలు కొనకుండా సీలు ఉన్న డబ్బానే తీసుకోవాలి. రెండు రకాలు కలపరాదు.

మార్చే విధానం

- అరగంట పని చేయించి బండిని చదునైన చోట నిలపాలి. గోరువెచ్చని ఆయిలు పూర్తిగా కారుతుంది.
- లిఫ్టును కిందికి దించి, ఇంజను ఆపి, తాళం తీసి జేబులో పెట్టుకోవాలి. హ్యాండ్ బ్రేకు వేసి చక్రాలకు దిమ్మెలు పెట్టాలి. జాకీ మీద లేపిన బండి కిందకు దూరరాదు.
- ముందుగా ఆయిలు పోసే మూత చుట్టూ మట్టి తుడిచి, ఆ మూత విప్పాలి. ఉన్న ఆయిలు వదిలేశాక మూత రాకపోతే బండి ఎటూ కదలదు.
- ఆయిలు ఎన్ని లీటర్లు పడుతుందో చూసుకుని, అంతకు సరిపడా డబ్బాలు పెట్టి డ్రెయిన్ బోల్టులు విప్పాలి. ఇవి ఒకటికన్నా ఎక్కువే ఉంటాయి. ఒక్కటి మరిచినా పాత ఆయిలు లోపలే ఉండిపోతుంది.
- డ్రెయిన్ బోల్టుకు అయస్కాంతం ఉంటే, దానికి పట్టిన మెత్తని బూడిదరంగు ముద్దను చూసి భయపడక్కర్లేదు, తుడిచేయాలి. ఇనుప ముక్కలు, పళ్ల పెచ్చులు కనబడితే మాత్రం కొత్త ఆయిలు పోయకుండా మెకానిక్కును పిలవాలి.
- హైడ్రాలిక్ జాలీని శుభ్రం చేయాలి. ఫిల్టరు ఉంటే మార్చాలి. డీజిలు పోసి బండి నడిపి కడగడం మంచిది కాదు.
- బోల్టులకు కొత్త వాషర్లు వేసి బిగించాలి. శుభ్రమైన గరాటుతో గేజి కడ్డీ గీత వరకు ఆయిలు పోయాలి.
- ఐదు నిమిషాలు ఇంజను నడిపి, లిఫ్టును నాలుగైదుసార్లు లేపి దించాలి. లిఫ్టు దించి, ఇంజను ఆపి, కాసేపయ్యాక మళ్లీ గేజి చూసి తక్కువైతే పోయాలి. గీత దాటితే ఆయిలు వేడెక్కి సీళ్ల వద్ద కారుతుంది.

నీరు ఎక్కడి నుంచి వచ్చిందో వెతికి సీలు మార్చకుండా కొత్త ఆయిలు పోస్తే, వచ్చే దమ్ముకు అదీ చెడిపోతుంది. సీళ్ల పని మాత్రం మెకానిక్కుకే వదలాలి.

పాత ఆయిలును కాలువలో, బావి దగ్గర, గట్టు మీద పారబోయరాదు. 2016 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం వాడిన ఆయిలు ప్రమాదకర వ్యర్థం. మూత ఉన్న డబ్బాలో పట్టి ఉంచి, పాత ఆయిలు సేకరించే సర్వీసు సెంటరుకు అప్పగించాలి. పశువుల పుండ్లకు, గజ్జికి రాయడం కొన్నిచోట్ల అలవాటుగా ఉంది. పశువు నాకితే లోపలికి పోతుంది, అది మానుకోవాలి.

మార్చిన తేదీ, మీటరులోని గంటలు ఒక నోటుబుక్కులో రాసుకోండి. మర్నాడు బండి కింద నేల చూడండి. ఆయిలు మచ్చ లేకపోతే మీ పని సరిగా అయినట్టే.