మొదటి గృహఋణము - ఇంటికి పంపు సొమ్ము

పట్టణములలో ఉద్యోగము చేయుచు ప్రతినెల తల్లిదండ్రులకు సొమ్ము పంపు యువకులు మన గ్రామములలో పెక్కుమంది కలరు. ఇది మెచ్చదగిన ఆచారము. అయితే వారు మొదటిసారి ఇల్లు కొనుటకై తనఖాఋణము కోరునపుడు ఈ సొమ్ముకూడ లెక్కలోనికి రావచ్చునని పంచాయతీ సభ్యులు ఎరిగియుండుట మంచిది.

బ్యాంకువారు దరఖాస్తుదారుని ఖాతాలోని గడచిన కొన్ని నెలల జమాఖర్చులను పరిశీలింతురు. ఉదాహరణకు, 40,000 రూపాయల నెలజీతగాడు ఇంటికి 8,000 పంపుచున్నాడనుకొందము. జీతములో సగము వాయిదాకు వినియోగింపవచ్చునన్నచో 20,000 అగును. పంపు సొమ్మును తప్పనిసరి ఖర్చుగా ముందే తీసివేసినచో మిగిలిన 32,000లో సగము, అనగా 16,000 మాత్రమే. 9 శాతము వడ్డీతో 20 ఏండ్ల గడువునకు లక్షకు నెలవాయిదా సుమారు 900 రూపాయలు. కావున దొరకు ఋణము సుమారు 22 లక్షలనుండి 18 లక్షలకు తగ్గును.

ఇక సొమ్ము అందుకొనువారి సంగతి. కుమారుడు పంపు సొమ్మును తల్లియొక్క స్థిరాదాయముగా బ్యాంకులు సామాన్యముగా ఎంచవు. అది ఎప్పుడైనను ఆగిపోవచ్చును. కుమారుడు సహఋణగ్రహీతగా చేరినచో అతని జీతము లెక్కకు వచ్చును. కాని బాకీ తీర్చు బాధ్యతయు అతనిపై పడును.

దరఖాస్తునకు ముందు కొన్ని నెలలు సొమ్ము పంపుట మాని, ఋణము రాగానే మరల మొదలిడుదమని కొందరు తలచెదరు. ఇది క్షేమము కాదు. వాయిదా తప్పినచో అది ఋణచరిత్రలో నమోదై, తరువాతి అప్పులకు అడ్డగును. పెద్దల పోషణకు వలయు సొమ్మును ముందుగా ప్రక్కనుంచి, మిగిలినదానికి తగిన ఇంటినే ఎంచుకొనుడని సభ్యులు తమ గ్రామయువకులకు తెలియజెప్పవలెనని మేము కోరుచున్నాము.