విశ్వవిద్యాలయం, కంప్యూటరు, మాతృభాష

వర్ధమాన దేశపు విశ్వవిద్యాలయాలకు కంప్యూటరు అందనే లేదనడం సత్యం కాదు. కాన్పూరు ఐ.ఐ.టి.కి 1963లోనే ఐ.బి.ఎం. 1620 యంత్రం వచ్చింది. 2004లో విద్యాబోధనకే ప్రత్యేకించిన ఎడ్యుశాట్ ఉపగ్రహం శ్రీహరికోట నుండి నింగికెగసింది. యంత్రాల కొరత నేటికీ ఉన్నది. కాని తెలుగులోనో ఉర్దూలోనో పట్టపరీక్షకు చదివే విద్యార్థి ఆ యంత్రం ముందు కూర్చున్నప్పుడు అతనికి దొరికేదేమిటి?

ఉస్మానియా స్థాపకులు ఇటువంటి ప్రశ్నను ముందే వేసుకొన్నారు. ఉర్దూ బోధనాభాషగా ఆ విశ్వవిద్యాలయం 1918లో ప్రారంభమైంది. దానికి పూర్వమే, 1917లో, దారుల్ తర్జుమా అనే అనువాదశాల వెలిసింది. శాస్త్రగ్రంథాల అనువాదమూ, పారిభాషిక పదాల నిర్మాణమూ అక్కడ జరిగినవి.

ఈ శతాబ్ది తొలి సంవత్సరాలలో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అనే బృహత్ప్రయత్నం సాగింది. చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించి, అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులై, 1994లో ట్యూరింగు పురస్కారం అందుకొన్న రాజ్ రెడ్డిగారు దీనికి ప్రేరకులు. దుర్లభమైన తెలుగు, ఉర్దూ గ్రంథాలు వేలకొలది స్కానరు కిందికి వెళ్ళినవి. ఈ ఉపకారాన్ని కొనియాడవలసిందే. అయితే స్కానరు తీసేది పుట బొమ్మ. మన కంటికి అక్షరాలుగా తోచేవి యంత్రానికి నలుపు తెలుపు చుక్కలు. ఫలానా మాట ఏ పుటలో ఉన్నదని అడిగితే అది చెప్పలేదు. పైగా గ్రంథాల పేర్లను రోమను లిపిలో, అనేక తప్పులతో నమోదు చేశారు. 'క్షేత్రయ్య' అన్న పేరును ఆ లిపిలో ఎన్ని విధాల వ్రాయవచ్చునో పాఠకులే ప్రయత్నించి చూడవచ్చు!

బొమ్మ నుండి అక్షరాలను గుర్తించే సాధనాలు వచ్చినవి గాని, మన లిపులు వాటికి సులభంగా లొంగవు. తెలుగులో అక్షరానికి పైన గుడి, కింద వత్తు. 'ప', 'వ'ల మధ్య భేదం అరిగిన అచ్చులో మాసిపోతుంది. ఉర్దూలో బే, పే, తే అనే అక్షరాలకు ఆకారమొక్కటే, చుక్కలే వేరు. పాత ఉర్దూ గ్రంథాలలో అత్యధికం కాతిబుల చేతివ్రాతను రాతి మీదికెక్కించి ముద్రించినవి. ఒక కాతిబు వ్రాలు మరొకరిదానివలె ఉండదు.

లోపం సంకేతాలది కాదు. 1991లో వెలువడిన యూనికోడు తొలి ప్రచురణలోనే తెలుగుకు స్థానం ఉన్నది; ఉర్దూకు వలసిన అక్షరాలూ అరబ్బీ విభాగంలో ఉన్నవి. అయినా చాలాకాలం డి.టి.పి. కేంద్రాలలో తమతమ సొంత ఫాంట్లతోనే సిద్ధాంత వ్యాసాలు టైపు చేయించారు. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే అయిదేండ్ల పరిశోధన అర్థంలేని గుర్తుల వరుసగా కనిపిస్తుంది. ఇది నిజంగా విచారకరం.

కనుక కార్యవర్గంవారికి ఒక విన్నపం. కొత్త యంత్రాలకు కేటాయించే ధనంలో కొంత భాగం అక్షరాలకూ కేటాయించండి. మన వార్షిక సంచికల పాత ప్రతులతోనే ఆరంభింపవచ్చు. ఒక విద్యార్థి యూనికోడులో టైపు చేయవలెను; మరొకరు మూలంతో సరిచూడవలెను. వికీసోర్సులో ఇదే పద్ధతి: పుట బొమ్మ ఒక ప్రక్క, పాఠం మరొక ప్రక్క, ఇద్దరి పరిశీలన. తెలుగు పుటలను తెలుగు విద్యార్థులు, ఉర్దూ పుటలను ఉర్దూ విద్యార్థులు పంచుకొంటే సెలవులలోగా ఒక సంచిక పూర్తికావచ్చును.