సెల్ఫ్ డ్రైవ్‌లో దేవమాలికి: ముందు ప్లేటు రంగు చూడండి

వానలు వెనకబట్టి చలి మొదలైందంటే చాలు, సెలవు రోజుల్లో సాలూరు దాటిన దగ్గర్నుంచి సుంకి ఘాట్ మీద విశాఖపట్నం, విజయనగరం బండ్లు బారులు తీరతాయి. కొందరిది దేవమాలి దారి. 1,672 మీటర్లతో ఒడిశాలోకెల్లా ఎత్తైన ఆ కొండ మీద తెల్లవారుజామున మబ్బుల్లో నడవాలని వాళ్ల కోరిక. కొందరు కొలాబ్ జలాశయం చూసుకొని గుప్తేశ్వరం గుహకు పోతారు. ఇంకొందరు పార్వతీపురం మీదుగా రాయగడ చేరి, మజ్జిగౌరమ్మను దర్శించుకొని, నాగావళి ఒడ్డున హాతిపత్థర్ బండల మీద ఓ పూట గడుపుతారు. 1936లో ఒడిశా ఏర్పడేదాకా ఈ ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలోదే. రాయగడ, జయపురం అంగళ్లలో ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది. అందుకే రాష్ట్రం దాటామన్న ధ్యాస చాలామందికి ఉండదు.

డ్రైవరుతో ట్యాక్సీ మాట్లాడుకుంటే పర్మిట్, తనిఖీ, ప్రమాదం వంటివన్నీ అతనే చూసుకుంటాడు. సెల్ఫ్ డ్రైవ్‌లో మాత్రం అద్దె కారు తాళం తీసుకున్న క్షణం నుంచి చట్టానికి జవాబు చెప్పాల్సింది స్టీరింగ్ పట్టుకున్న మనిషే. ఆ బాధ్యతతోపాటు కొన్ని గట్టి హక్కులూ అతనికి వస్తాయి.

తెల్ల ప్లేటు బండితో చిక్కు

సొంత కారుకు తెల్ల ప్లేటు మీద నల్ల అక్షరాలు, ట్యాక్సీకి పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలు ఉంటాయని అందరికీ తెలుసు. స్వయంగా నడుపుకోవడానికి అద్దెకిచ్చే కారుకు నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉండాలి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 75వ సెక్షన్ కింద 1989లో వచ్చిన రెంట్ ఎ క్యాబ్ పథకం ప్రకారం లైసెన్సు పొందిన సంస్థలే ఈ వ్యాపారం చేయాలి.

ఊళ్లో తెలిసినవాళ్ల ద్వారా, వాట్సాప్ గ్రూపుల ద్వారా దొరికే చవక బండ్లలో చాలావరకు తెల్ల ప్లేటువే. పర్మిట్ లేకుండా అద్దెకు తిప్పితే 192ఏ సెక్షన్ కింద 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు. బండిని అక్కడికక్కడే ఆపేస్తే, పిల్లాపాపలతో కొండల మధ్య దిగిపోవాల్సింది ప్రయాణికులే.

అంతకంటే పెద్ద చిక్కు బీమాతో. సొంత వాడకానికని బీమా చేయించిన కారును కిరాయికి తిప్పగా ప్రమాదం జరిగిన కేసు ఒకటి 2010లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. బీమా కంపెనీ ఒక్క రూపాయీ ఇవ్వనంది. పూర్తిగా తోసిపుచ్చడం తగదని కోర్టు చెప్పింది గానీ, 5 లక్షల క్లెయిముకు ఇప్పించింది 2.5 లక్షలే. ఇలాంటి సందర్భంలో మిగతా నష్టం కోసం యజమాని పట్టుకునేది కారు నడిపినవాళ్లనే.

నల్ల ప్లేటు బండి నడపడానికి వేరే లైసెన్సు అక్కర్లేదు. తేలికపాటి వాహనాల లైసెన్సు ఉన్నవారు 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్నీ నడపవచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది. పర్మిట్ ఒడిశాలో చెల్లుతుందా, బీమా గడువు ఎప్పటిదాకా ఉంది, కాలుష్య ధ్రువపత్రం ఉందా అన్న మూడూ బయల్దేరేముందే అడిగి చూసుకోవాలి. డిజిలాకర్, ఎంపరివాహన్‌లో చూపించే పత్రాలు ఒడిశాలోనైనా చెల్లుతాయి.

డిపాజిట్ విషయంలో

బండి చేతికిచ్చేటప్పుడు నాలుగు వైపులా తిరిగి వీడియో తీయాలి. అద్దం మీది గీత, బంపర్ మీది సొట్ట, స్టెపినీ టైరు, మీటరులో కిలోమీటర్లు, పెట్రోలు ముల్లు అన్నీ అందులో కనిపించాలి. తిరిగి అప్పగించేటప్పుడూ అలాగే తీయాలి. పాత గీతకు కొత్తగా డబ్బు కోసుకుంటే ఆ వీడియోనే సాక్ష్యం.

మితిమీరిన డిపాజిట్ అడగడం, జరిగిన నష్టానికి పొంతన లేని జరిమానా వేయడం వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం అన్యాయ ఒప్పందం కిందికి వస్తాయి. ఒప్పందం మీద సంతకం పెట్టేసినా దాన్ని ప్రశ్నించే హక్కు పోదు.

తనిఖీలో

ఆంధ్రా ఒడిశా సరిహద్దు కొండల నుంచి గంజాయి రవాణా ఎక్కువ. అందుకే ఈ దార్లలో పోలీసులు, ఎక్సైజ్ వాళ్లు బండ్లు ఆపి చూడటం మామూలే. గంజాయి 20 కిలోలు దాటితే మాదకద్రవ్యాల చట్టం, 1985 కింద కనీస శిక్ష పదేళ్లు. డిక్కీలో దొరికిన సంచి తమది కాదని చెప్పినంత మాత్రాన బయటపడలేరు. కారులో ఉన్నవాళ్లకు ఆ సంగతి తెలుసనే చట్టం మొదట భావిస్తుంది, తెలియదని రుజువు చేసుకోవాల్సింది వాళ్లే. దారిలో ఎవరైనా "ఈ మూట జయపురంలో దించెయ్యి బాబూ" అంటే మొహమాటపడకుండా కాదనాలి. అద్దె బండి డిక్కీలో, సీట్ల కిందా బయల్దేరేముందే ఓసారి చూసుకోవాలి.

తనిఖీకి సహకరించాలి. అయితే సోదాను, స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితా రాయడాన్ని వీడియో తీయాలని భారతీయ నాగరిక సురక్షా సంహిత 105వ సెక్షన్ పోలీసులకే చెబుతోంది. మాదకద్రవ్యాల అనుమానంతో ఒంటి మీద సోదా చేయాలంటే గెజిటెడ్ అధికారి ముందో, మేజిస్ట్రేటు ముందో చేయమని కోరవచ్చు. స్త్రీలను స్త్రీలే సోదా చేయాలి. ఒడియాలో రాసిన కాగితం అర్థం కాకపోతే చదివించుకొని, తెలుసుకున్నాకే సంతకం పెట్టాలి.

అరెస్టు దాకా వస్తే, అందుకు కారణాలను ఆ వ్యక్తికి అర్థమయ్యే భాషలో రాతపూర్వకంగా ఇవ్వాలని 2025 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. కోరాపుట్‌లో పట్టుబడిన తెలుగువాడికి తెలుగే వస్తే, ఆ కాగితం తెలుగులో అడిగే హక్కు ఉందన్నమాట. 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి, ఇంట్లోవాళ్లకు కబురు చేయాలి. కస్టడీలో ఉన్న ఎవరికైనా, ఆదాయంతో పనిలేకుండా, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. నంబరు 15100.

ఘాట్‌లో ప్రమాదం జరిగితే

ఘాట్ రోడ్డులో ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలి. ఇది మర్యాద మాత్రమే కాదు, నిబంధన.

ఎవరినైనా గుద్దితే గాయపడ్డవారిని ఆస్పత్రికి చేర్చడం డ్రైవరు విధి. జనం మీదపడే పరిస్థితి ఉంటే అక్కడ ఆగకపోవడాన్ని మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ తప్పుపట్టదు, కానీ 24 గంటల్లోపు దగ్గరి పోలీస్ స్టేషన్లో చెప్పాలి. దారిన పోతూ సాయం చేసినవారిని 134ఏ సెక్షన్ కాపాడుతుంది. పేరు చెప్పమని, సాక్షిగా రమ్మని వారిని బలవంతం చేయకూడదు. 2025 మేలో అమల్లోకి వచ్చిన పథకం ప్రకారం రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల దాకా, 1.5 లక్షల రూపాయల వరకు నగదు కట్టకుండా చికిత్స అందాలి. 112కు ఫోన్ చేయడం మొదటి పని.

సంతలో, ఊళ్లో

బుధవారం చాటికోన సంతకు నియమగిరి మీంచి డోంగ్రియా కొంధులు దిగివస్తారు. ఒడిశాలోని 13 ప్రత్యేక ఆదిమ తెగల్లో వారొకరు. బాక్సైట్ తవ్వకం కావాలో వద్దో గ్రామసభలే తేల్చాలని 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు చెబితే, రాయగడ, కలహండి జిల్లాల్లోని 12 పల్లె సభలూ వద్దని తీర్మానించాయి. దేశంలోనే పేరుపొందిన తీర్పును సాధించుకున్న ఆ మనుషుల మొహం మీదికే కెమెరా పెట్టి, ధర అడిగినట్టు "ఫొటోకెంత?" అనడం చూసేవారికే బాధ కలిగిస్తుంది.

రాయగడ, కోరాపుట్ జిల్లాలు పూర్తిగా ఐదో షెడ్యూలు ప్రాంతాలు. 2012లో ఇద్దరు ఇటలీ దేశస్థులను మావోయిస్టులు అపహరించిన ఏడాదే ఆదిమ తెగల ఊళ్లకు పర్యాటకులు వెళ్లడంపై ఒడిశా ప్రభుత్వం ఆంక్షలు పెట్టింది. కొండ మీది ఊళ్లోకి నడిచి వెళ్లాలంటే, ఫొటో తీయాలంటే ముందుగా జిల్లా పర్యాటక కార్యాలయంలో అడగాలి, ఊళ్లోవాళ్ల సమ్మతి తీసుకోవాలి. ఏకాంతం ఉంటుందనుకునే చోట ఒంటిమీద సరిగా బట్టలేని స్త్రీని చాటుగా చిత్రీకరిస్తే భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద ఏడాది నుంచి మూడేళ్ల జైలు. బహిరంగంగా గిరిజనులను అవమానిస్తే అట్రాసిటీ చట్టం కింద కేసు.

ఇంటికొచ్చాక

డిపాజిట్ తిరిగిరాకపోతే బండి తీసుకున్న ఊరి కోర్టుల చుట్టూ తిరగనక్కర్లేదు. వినియోగదారుడు తానుండే జిల్లా కమిషన్లోనే ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపుంటే ఫీజు లేదు. ఒప్పందమే అన్యాయమైనదని వాదించాలంటే మాత్రం రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. వకీలు లేకుండా స్వయంగా వాదించుకోవచ్చు. ముందు 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయిస్తే కొన్నిసార్లు అక్కడే తేలిపోతుంది. తేలకపోతే ఒప్పంద పత్రం, చెల్లింపు రసీదులు, రెండు వీడియోలు జతచేసి రెండేళ్లలోపు కమిషన్‌కు వెళ్లాలి.