'అలా చేయకుండా ఉంటే...' అనే మాట

ఒక ఆదివారం ఇషా నమాజు ముగిశాక తిరువూరులో ఒక యువకుడు నా దగ్గరకు వచ్చి కూర్చున్నాడు. ఆరేళ్ళపాటు ఈ ఊళ్ళోనే ఒక ఎరువుల దుకాణంలో లెక్కలు రాసిన మనిషి. జీతం తక్కువే గానీ యజమాని మంచివాడు, జొహర్, అసర్ నమాజులకు ఏనాడూ అడ్డు చెప్పలేదు. నాలుగు నెలల క్రితం విజయవాడలో ఒక ఆఫీసులో పని దొరికింది. జీతం ఆరు వేలు ఎక్కువ. దుకాణం మానేసి వెళ్ళాడు. ఇప్పుడు గది అద్దె, మెస్సు, వారం వారం మైలవరం మీదుగా వచ్చిపోయే బస్సు ఛార్జీలు పోను చేతిలో మిగిలేది మునుపటి కన్నా తక్కువే. రాత్రి ఎనిమిదయినా కుర్చీ వదలడానికి లేదు. జుమాకు వెళ్ళాలంటే ప్రతి వారం కొత్తగా బతిమాలుకోవాలి. తిరిగి వద్దామంటే దుకాణంలో అతని చోట మరో కుర్రాడు చేరిపోయాడు.

ఇదంతా చెప్పి, అసలు మాట చివర్లో అడిగాడు: "మౌలానా సాబ్, నేను ఇస్తిఖారా చేసుకునే వెళ్ళాను. అల్లాహ్‌ను అడిగి వెళ్ళినవాడికి ఇలా ఎందుకయింది?"

సోదరులారా! ఈ ప్రశ్న చిన్నది కాదు. జీతం తగ్గితే మనిషి తట్టుకుంటాడు. తన దుఆ వృథా అయిందన్న అనుమానం మనసులో చొరబడితే నమాజు చాప మీద నిలబడటమే బరువవుతుంది.

ముందుగా అతన్ని ఒక సంగతి అడిగాను. "అక్కడ నువ్వు రాసే లెక్కలు దేనివి?" సరుకు రవాణా బిల్లులని చెప్పాడు. ఇది అడగడానికి కారణం ఉంది. వడ్డీ తినేవాణ్ణి, ఇచ్చేవాణ్ణి, దాని పత్రం రాసేవాణ్ణి, సాక్షులను దైవప్రవక్త (సఅసం) శపించారని, పాపంలో అందరూ సమానులే అన్నారని హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించిన హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. చేసే పనే హరామ్ అయితే అక్కడి పశ్చాత్తాపం తౌబాలో భాగం, దాన్ని పోగొట్టుకోకూడదు. ఇతని సంపాదన హలాల్. కాబట్టి ఇతని విచారం వేరే రకం.

ఇక ఇస్తిఖారా. దైవప్రవక్త (సఅసం) తన సహచరులకు ఖుర్ఆన్ సూరా నేర్పినట్లే ప్రతి వ్యవహారంలోనూ ఇస్తిఖారా నేర్పేవారని సహీహ్ బుఖారీలో ఉంది. ఫర్జ్ కాకుండా రెండు రకాతుల నమాజు చేసి ఆ దుఆ చదువుకోవాలి. కలలో పచ్చరంగు కనిపించాలని, తెలుపు కనిపించాలని మనవాళ్ళు చెప్పుకునేవి హదీసులో లేవు. ఆ దుఆలో మనం ఏమి అడుగుతామో ఒక్కసారి చూడండి. ఈ పని నా ధర్మానికి, నా బతుకుతెరువుకు, నా పర్యవసానానికి మేలైతే నాకు రాసిపెట్టమని, కీడైతే దాన్ని నా నుంచి, నన్ను దాని నుంచి మళ్ళించమని అడుగుతాం. మేలు ఎక్కడ ఉంటే అక్కడే రాసిపెట్టి, ఆపైన దానితో నన్ను తృప్తిపరచమని కూడా అడుగుతాం.

కష్టం ఉండకూడదని ఆ దుఆలో ఎక్కడా అడగలేదు. అడిగింది మేలు. అదీ మూడు లెక్కల్లో. మన సోదరుడు మధ్యలో ఉన్న బతుకుతెరువు ఒక్కటే లెక్కవేసి దుఆ ఫలించలేదంటున్నాడు. అతనితో ఈ మాటే అన్నాను. అతను కాసేపు మౌనంగా ఉండి, "తృప్తి మాత్రం నేను అడిగినట్టు గుర్తులేదు, నోటితో చదివేశాను" అన్నాడు. మనలో చాలామంది పరిస్థితి అదే, నాతో సహా.

మాటల్లో మాటగా అతని ఇంటి సంగతి బయటపడింది. వెళ్ళమని ప్రోత్సహించింది బావగారట. ఆయనతో రెండు నెలలుగా మాటల్లేవు. "ఆయన చెప్పకపోయి ఉంటే", "మా ఆవిడ వద్దని ఒక్కమాట అని ఉంటే" అంటూ ప్రతి వాక్యం అక్కడికే చేరుతోంది. ఈ 'ఉంటే' అనే పదాన్నే అరబీలో 'లౌ' అంటారు. ప్రయోజనం ఉన్నదాని కోసం ఆశపడమని, అల్లాహ్ సహాయం కోరమని, చేతకానివాడిలా కూలబడవద్దని, ఏదైనా ఆపద వస్తే అలా చేసి ఉంటే బాగుండేదని అనక అల్లాహ్ నిర్ణయించాడు, ఆయన తలచింది చేశాడని అనమని, ఎందుకంటే 'లౌ' షైతాన్ పనికి తలుపు తెరుస్తుందని దైవప్రవక్త (సఅసం) ఉపదేశించినట్లు హజ్రత్ అబూహురైరా (రజి) ఉల్లేఖించారు. ఆ తలుపులోంచి ఏమి వస్తుందో బావమరుదుల మధ్య మౌనాన్ని చూస్తే తెలియడం లేదా?

అయితే ప్రతి 'లౌ' నిషిద్ధం కాదు. వీడ్కోలు హజ్ సందర్భంలో, తరువాత తెలిసింది ముందే తెలిసి ఉంటే ఖుర్బానీ పశువులను వెంట తెచ్చేవాణ్ణి కానని దైవప్రవక్త (సఅసం) స్వయంగా అన్నారు. ఇమామ్ బుఖారీ (రహ్మ) 'లౌ' ఎక్కడ అనవచ్చో చూపడానికి ఒక అధ్యాయమే పెట్టారు. జరిగినదాని నుంచి నేర్చుకోవడానికి అనే 'ఉంటే' వేరు, విధిని, మనుషులను నిందించడానికి అనే 'ఉంటే' వేరు.

ఉహుద్ సంగతి గుర్తు తెచ్చుకోండి. హిజ్రీ 3వ సంవత్సరం. మదీనాలోనే ఉండి పోరాడటం దైవప్రవక్త (సఅసం) అభిప్రాయం. యువకులు బయటకు వెళ్దామని పట్టుబట్టారు. ఆయన కవచం తొడుక్కుని వచ్చేసరికి బలవంతపెట్టామేమోనని వాళ్ళే బాధపడ్డారు. కానీ కవచం తొడిగిన ప్రవక్త అల్లాహ్ తీర్పు వచ్చేదాకా దాన్ని విప్పడం తగదని ఆయన బయలుదేరారు. డెబ్బై మంది అమరులయ్యారు. తమ మాట చెల్లి ఉంటే ఇక్కడ చచ్చేవాళ్ళం కాదని కపటులు అన్న మాటను ఆలి ఇమ్రాన్ సూరా ఖండించింది. ఆ సూరాలోనే, ఆ సందర్భంలోనే, వాళ్ళను క్షమించమని, ఇకముందు కూడా వాళ్ళతో సంప్రదించమని, నిశ్చయించుకున్నాక అల్లాహ్ మీద భారం వేయమని ఆదేశం వచ్చింది. అంత నష్టం జరిగాక కూడా సలహా ఇచ్చినవారిని దూరం పెట్టమని చెప్పలేదు! బావగారి సంగతి నేను వేరే చెప్పనక్కర లేకపోయింది.

మన రాష్ట్రంలో ఇటీవలి ఉదాహరణ ఒకటుంది. 2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాలు మొదలైనప్పుడు లక్షకు పైగా యువతీ యువకులు ఆ ఉద్యోగాల్లో చేరారు. కొందరు అంతకన్నా ఎక్కువ వచ్చే ప్రైవేటు ఉద్యోగాలు వదిలి వచ్చారు. రెండేళ్ళ ప్రొబేషన్, నెలకు 15,000 రూపాయలు. రెండేళ్ళు గడిచినా ఖరారు కాలేదు. 2022 జనవరిలో వాళ్ళు నిరసనకు దిగారు. పాత ఉద్యోగం వదలకుండా ఉంటే అని ఆ రోజుల్లో ఎంతమంది అనుకున్నారో! 2022 జులై నుంచి కొత్త స్కేళ్ళు వచ్చాయి. ఉద్యోగం అదే, మనిషి అతనే. జనవరిలో ఇచ్చిన తీర్పు ఒకటి, జులైలో ఇచ్చింది మరొకటి. మీకు నచ్చనిదానిలో మేలు ఉండవచ్చని, నచ్చినదానిలో కీడు ఉండవచ్చని, అల్లాహ్‌కు తెలుసు, మీకు తెలియదని బఖరా సూరా చెప్పింది ఇలాంటి మనసుకే. అలాగని ప్రతి చెడ్డ ఉద్యోగమూ ఆరు నెలల్లో బాగుపడుతుందని నేను అనను. కొన్ని బాగుపడవు.

"అయితే తఖ్దీర్ అనుకుని అక్కడే పడి ఉండాలా?" అన్నాడతను.

లేదు. హజ్రత్ ఉమర్ (రజి) సిరియాకు బయలుదేరి సర్గ్ అనే చోటికి చేరినప్పుడు ముందు ప్లేగు ఉందని తెలిసింది. ముహాజిర్లను, అన్సార్లను, ఖురైష్ పెద్దలను వరుసగా సంప్రదించి వెనుదిరగాలని నిర్ణయించారు. అల్లాహ్ విధి నుంచి పారిపోతారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగారు. అవును, అల్లాహ్ విధి నుంచి అల్లాహ్ విధి వైపుకే అన్నారు ఉమర్ (రజి). లోయలో ఒక వైపు పచ్చిక, మరో వైపు బీడు ఉంటే ఒంటెలను ఎటు మేపినా అది అల్లాహ్ నిర్ణయమే కదా అని వివరించారు. వెళ్ళడం ఎలా విధిలో భాగమో, తిరిగి రావడమూ అంతే.

కాబట్టి ముందు ఆఫీసులో జుమాకు, అసర్‌కు వేళ ఇమ్మని ఒకసారి స్పష్టంగా, వినయంగా అడగమన్నాను. ఇన్నాళ్ళూ ఏ వారానికావారం బతిమాలాడే గానీ శాశ్వతంగా ఇవ్వమని అడగలేదట. కుదరకపోతే మానేయవచ్చు. కానీ ఒప్పందంలో ఎన్ని రోజుల ముందు చెప్పాలని ఉంటే అన్ని రోజులూ పని చేసి, లెక్కలు అప్పజెప్పి రావాలి. ఒప్పందాలు నెరవేర్చమన్న మాయిదా సూరా ఆదేశం నచ్చిన ఉద్యోగానికే కాదు. పాత యజమానిని పోయి కలవడంలో అవమానమూ లేదు. అయితే ఇప్పుడు అక్కడున్న కుర్రాణ్ణి తీసేయమని మాత్రం అడగకూడదు. అతని రిజ్ఖ్ అతనిది.

మళ్ళీ ఇస్తిఖారా చేయవచ్చా అని అడిగాడు. ఎన్నిసార్లయినా చేయవచ్చు, ఈసారి చివరి మాట కూడా అర్థం తెలిసి చదవమన్నాను. తెల్లవారి ఫజ్ర్ చేసి బస్సెక్కాడు.

తరువాతి ఆదివారం బావగారితో కలిసి మస్జిదుకు వచ్చాడు. జుమాకు గంట ఇస్తామన్నారట, అసర్ సంగతి ఇంకా తేలలేదట. ఉండాలా రావాలా అన్నది ఆ నెలాఖరుకు చూస్తానన్నాడు.