పద్దెనిమిదేళ్ల సీసాకి సోడానా?

ప్రశ్న: మా అబ్బాయి స్కాట్లాండ్ నుంచి 18 ఏళ్ల సింగిల్ మాల్ట్ తెచ్చాడు. సోడా, ఐసు వేసుకోమంటున్నారు స్నేహితులు. నాకేమో ఇంకో పదేళ్లు దాచుకోవాలనుంది.
– ఒక పాఠకుడు, నాంపల్లి

జవాబు: దాచకండి. విస్కీకి వయసొచ్చేది ఓక్ పీపాలోనే. సీసాలోకి దిగాక 18 ఏళ్లది ఎప్పటికీ 18 ఏళ్లదే. పీపాలో ఉన్నన్నాళ్లూ కొంత ఆవిరైపోతుంది. దాన్ని ‘దేవతల వాటా’ అంటారు. స్కాట్లాండ్ చలిలో అది ఏడాదికి 2 శాతం. బెంగళూరులో అమృత్ డిస్టిలరీ వాళ్లకు 10 శాతం దాటుతుంది. మన దేశపు మాల్టుల్లో 18 ఏళ్లవి అంతగా కనబడనిది అందుకే.

పొట్ట వెడల్పు, మూతి సన్నం ఉన్న గ్లాసులో కొద్దిగా పోయండి. పది నిమిషాలు వదిలేయండి. ముక్కు గ్లాసులో దూర్చకుండా, నోరు కాస్త తెరిచి వాసన చూడండి. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకం తెరిస్తే తియ్యటి వాసనొకటి వస్తుంది చూడండి, దాని చుట్టమే ఇక్కడా తగులుతుంది. కాగితంలోనూ ఓక్ చెక్కలోనూ ఉండే లిగ్నిన్ విరిగితే వెనిల్లా వాసనే మరి. షెర్రీ వైన్ పీపాదైతే మొజంజాహీ మార్కెట్ కిస్‌మిస్, అంజీర్ గుర్తొస్తాయి. రంగు చూసి మురిసిపోకండి, కారమెల్ కలపడానికి చట్టం ఒప్పుకుంటుంది.

చిన్న గుక్క నాలుకంతా తిప్పి మింగండి. తర్వాత నాలుగు చుక్కల మంచినీళ్లు వేసి మళ్లీ చూడండి. ఐసు వాసనను అణిచేస్తుంది. మీ వాళ్ల సోడా తప్పని కాదు, దానికి చవక సీసా చాలు. మిర్చి బజ్జీ మాత్రం ఆ పూటకి వద్దు.

సీసాను నిలబెట్టే ఉంచండి, పడుకోబెడితే బిరడా చెడుతుంది.