అరుదైన ఆంగ్ల పదం, అందరికీ తెలిసిన పదం: ఎంపికలో వివేకం

ఆంగ్లంలో తమ ప్రతిభను చాటుకోవాలనుకునే యువతీ యువకుల్లో చాలామంది, తేలికైన మాట రాస్తే తమ భాషాజ్ఞానం తక్కువన్న ముద్ర పడుతుందని భయపడి, చక్కగా తెలిసిన నామవాచకాన్ని పక్కన పెట్టి, పర్యాయపద నిఘంటువులో దొరికిన బరువైన పదాన్ని తెచ్చి వాక్యంలో ఇరికిస్తారు. దీన్ని భాషాదోషంగా మాత్రమే చూడడం సరికాదు. తన మాట మీద తనకే నమ్మకం చాలనప్పుడు మనిషి పెద్ద పదం చాటున నిలబడతాడు కనుక, ఇది వ్యక్తిత్వానికి సంబంధించిన విషయం కూడా.

ఆంగ్లంలో ఒకే భావానికి రెండు మూడు నామవాచకాలు ఏర్పడడానికి చారిత్రక కారణాలున్నాయి. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన తరువాత రాజాస్థానంలోనూ న్యాయస్థానాల్లోనూ ఫ్రెంచి భాష పెత్తనం చేయగా, సామాన్యుల ఇళ్లలో పాత ఆంగ్లమే నిలిచింది. పునరుజ్జీవన కాలంలో పండితులు లాటిన్, గ్రీకు భాషల నుంచి మరెన్నో పదాలను తెచ్చి చేర్చారు. భయం అనే ఒక్క భావానికే 'ఫియర్' అనే దేశ్యపదం, ఫ్రెంచి మీదుగా వచ్చిన 'టెర్రర్', లాటిన్ నుంచి తెచ్చుకున్న 'ట్రెపిడేషన్' పక్కపక్కన కనిపించడం ఈ పొరల ఫలితమే. అయితే కొత్తగా వచ్చిన పండిత పదాలను ఆంగ్లేయులందరూ ఆదరించలేదు. థామస్ విల్సన్ 1553లో వెలువరించిన అలంకారశాస్త్ర గ్రంథంలో వాటిని 'ఇంక్‌హార్న్' పదాలని, అంటే కొమ్ముతో చేసిన సిరాబుడ్డిలో పుట్టి జనం నోట నలగని పదాలని, నిరసించాడు. 1604లో రాబర్ట్ కాడ్రీ ప్రచురించిన గ్రంథం, ఆంగ్ల పదాలకు ఆంగ్లంలోనే అర్థాలు చెప్పిన తొలి నిఘంటువుగా పేరొందింది. అందులోని సుమారు 2,500 పదాలు సామాన్య ఆంగ్ల పాఠకులకు కొరుకుడు పడని కఠిన పదాలే. ఆ భాష మాతృభాషగా గలవారికే అరుదైన పదాలను విప్పి చెప్పవలసి వచ్చిందన్న సంగతి, ఆ పదాలు తనకు రావని కుంగిపోయే తెలుగు విద్యార్థి తప్పక తెలుసుకోదగినది.

తెలుగువారికీ ఇటువంటి వివాదం కొత్తది కాదు. ఇరవయ్యో శతాబ్ది తొలి దశాబ్దాల్లో గిడుగు వెంకట రామమూర్తి గ్రాంథిక భాషకు ఎదురు నిలిచి వ్యావహారికాన్ని సమర్థించినప్పుడు తలెత్తిన ప్రశ్న కూడా, రాసినది ఎవరికి అందాలన్నదే. అమరకోశం వల్లెవేసినవారు సైతం దాహమైతే నీళ్లే అడిగారు గాని, సలిలం అడగలేదు.

విదేశీ విశ్వవిద్యాలయాల్లో ప్రవేశం కోరుతూ విద్యార్థులు రాసే వ్యాసంలో, అంటే వాడుకలో ఎస్‌ఓపీ అని పిలిచే పత్రంలో, ఈ సమస్య స్పష్టంగా కనబడుతుంది. మీ సంస్థలో ఎన్నో రకాల అవకాశాలున్నాయని చెప్పదలచిన విద్యార్థి, 'ఎ వైడ్ రేంజ్ ఆఫ్ ఆపర్చునిటీస్' అని రాయడానికి మనసొప్పక, 'ఎ ప్లెథొరా ఆఫ్ ఆపర్చునిటీస్' అని రాస్తాడు. 'ప్లెథొరా' ఒకప్పుడు వైద్యశాస్త్రంలో, ఒంట్లో రక్తం ఉండవలసిన దానికన్నా ఎక్కువగా చేరడమనే రుగ్మతకు పేరు. నేటి నిఘంటువులు దానికి సమృద్ధి అనే అర్థాన్ని కూడా ఒప్పుకుంటున్నప్పటికీ, అవసరానికి మించి పేరుకుపోయినదన్న ఛాయ దాన్ని వదలలేదు. పొగడ్తగా రాసిన మాట, జాగ్రత్తగా చదివే వ్యక్తికి ఫిర్యాదులా వినిపించే ప్రమాదం అక్కడ ఉంది. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన డేనియల్ ఓపెన్‌హైమర్ 2006లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయానికి నేరుగా సంబంధించినది. ప్రవేశార్థులు రాసిన వ్యాసాలనే తీసుకొని, వాటిలోని నామవాచకాలు, క్రియలు, విశేషణాల స్థానంలో పర్యాయపద నిఘంటువులో దొరికే అతి పొడవైన పదాలను చేర్చి చదివించగా, పదాల బరువు పెరిగే కొద్దీ ఆ అభ్యర్థికి ప్రవేశం ఇవ్వవచ్చునన్న మొగ్గు చదివినవారిలో తగ్గింది. మెప్పు కోసం ఎంచుకున్న పదమే మెప్పును దూరం చేసిందన్నమాట.

పర్యాయపదాలు పూర్తిగా సమానమైనవన్న అపోహే ఈ తప్పులకు మూలం. పదానికి నిఘంటువు చెప్పే అర్థంతో పాటు, వాడుక వల్ల అంటుకున్న మంచి చెడుల రంగు ఒకటి ఉంటుంది. దాన్ని అర్థచ్ఛాయ అంటారు. ఏ పదం ఏ పదంతో జతకూడుతుందన్నది పదసాహచర్యం. ఎవరితో, ఏ సందర్భంలో ఆ పదం చెల్లుతుందన్నది ప్రయోగస్థాయి. రవ్వంత అనే అర్థమిచ్చే 'సింటిల్లా' అనే నామవాచకం సాక్ష్యం, సందేహం, సత్యం వంటి వాటితోనే, అదీ ఎక్కువగా లేదని చెప్పే వాక్యాల్లోనే ఇముడుతుంది. రవ్వంత పంచదార అడిగేటప్పుడు దాన్ని వాడితే వాక్యం అతకదు. ఈ మూడింటినీ తెలుసుకోకుండా అర్థాన్ని మాత్రమే కంఠస్థం చేసినవారికి పదం తెలిసినట్లే అనిపిస్తుంది గాని, వాడుక తెలియదు.

అలాగని అరుదైన పదాలన్నీ ఆడంబరమని తీర్పు చెప్పడం కూడా అన్యాయమే. ఎండిన నేల మీద తొలి చినుకులు పడినప్పుడు లేచే మట్టివాసనకు ఆంగ్లంలో ఒక్క మాట లేకపోవడం వల్ల, ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఆస్ట్రేలియాలో పరిశోధన చేసి, 1964లో 'నేచర్' పత్రికలో 'పెట్రికోర్' అనే పదాన్ని ప్రతిపాదించారు. దాని పని చేసే చిన్న పదం మరొకటి లేదు కనుక ఆ పదానికి చోటు న్యాయంగా దక్కింది. ఇంటికి 'హౌస్', 'రెసిడెన్స్' అనే మాటలున్నా, న్యాయవాది 'డొమిసైల్' అని రాసినప్పుడు ఇంటిని గురించి కాక, వ్యక్తికి ఏ ప్రాంతపు చట్టం వర్తించాలో తేల్చే శాశ్వత నివాస బంధాన్ని గురించి రాస్తున్నాడు. అక్కడ తేలిక పదం వాడితే విషయమే మారిపోతుంది. వైద్యుడు కేస్ షీటులో 'ఎపిస్టాక్సిస్' అని రాసి, బిడ్డ తల్లితో మాత్రం ముక్కులోంచి రక్తం కారిందని చెప్పడంలో ద్వంద్వ వైఖరి లేదు. కేస్ షీటు చదివేది మరో వైద్యుడు. ఎదురుగా నిలబడి వింటున్నది ఆందోళనలో ఉన్న తల్లి. ఆ తల్లి ముందు కూడా గ్రీకు పదాన్నే ప్రయోగించే వైద్యుడి పాండిత్యాన్ని శంకించనక్కరలేదు గాని, ఆయన సంస్కారంలో లోటు ఉన్నదని చెప్పక తప్పదు.

పోటీ పరీక్షలకు చదివేవారి పరిస్థితి కొంత వేరు. చదివినప్పుడు అర్థమయ్యే పదాల నిధిని గ్రహణ పదసంపద అని, తడుముకోకుండా స్వయంగా వాడగలిగిన వాటిని ప్రయోగ పదసంపద అని భాషాబోధకులు విభజిస్తారు; ఏ భాషలోనైనా మొదటిది రెండో దానికన్నా పెద్దది. జీఆర్ఈ వంటి పరీక్ష కోసం నేర్చిన అరుదైన నామవాచకాలు మొదటి నిధిలో చేరితే చాలు, వాటన్నిటినీ వెంటనే ఉత్తరాల్లోకి, ఇంటర్వ్యూల్లోకి దింపవలసిన అవసరం లేదు. ఆ పరీక్ష సైతం 2011 ఆగస్టులో వ్యతిరేకపదాల ప్రశ్నలను తొలగించి, వాక్య సందర్భాన్ని బట్టి పదాన్ని ఎంచుకునే ప్రశ్నలకు ప్రాధాన్యమిచ్చింది.

తెలుగు మాధ్యమంలో చదివి, ఆంగ్లాన్ని ఆలస్యంగా అందుకున్నవారిని బరువైన పదాల మోజు ఎక్కువగా బాధిస్తుంది. వెనుకబడ్డామన్న బెంగ వారిని అటు నెడుతుంది. వారికి చెప్పవలసిన మాట ఒక్కటే: తేలికైన నామవాచకాలతో తప్పు లేకుండా, తడబాటు లేకుండా పది వాక్యాలు చెప్పగలగడం చిన్న విద్య కాదు, ఉద్యోగమిచ్చేవారు ముందుగా వెదికేది దాన్నే. రాసిన ఉత్తరాన్ని పంపే ముందు అందులోని ప్రతి అరుదైన పదం దగ్గర ఆగి, దాని స్థానంలో తెలిసిన పదం పెడితే అర్థంలో ఏదైనా పోతుందా అని పరీక్షించుకోవాలి. పోతే ఉంచాలి, పోకపోతే మార్చాలి. ఆంగ్లం నేర్పే ఉపాధ్యాయులు, స్పోకెన్ ఇంగ్లిష్ శిక్షకులు కూడా పదాల జాబితాలను పంచిపెట్టడం మాని, రోజుకు ఒక్క పదమైనా సరే, అది సహజంగా ఇమిడిన రెండు వాక్యాలతో సహా విద్యార్థి చేతికి ఇవ్వాలి.